మా ఆయనకు పెరుగుడు

బట్టలు కుట్టే ఇంట్లో వినకూడని మాట ఒకటుంది. "బిగుతుగా ఉంది." దానికంటే నాలుగు తిట్లు తిట్టి పోయినా నయం. వదులైతే ఒక కుట్టు వేసి సరిపెట్టొచ్చు, పొడుగైతే మడిచి కుట్టొచ్చు. బిగుతైతే ఏం చేస్తాం? కత్తిరించిన గుడ్డను మళ్ళీ సాగదీసే మొనగాడు ఇంకా పుట్టలేదు. పాతికేళ్ళ కాపురంలో ఆ మాట మా కొట్టు గుమ్మంలో విన్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. విన్న ప్రతిసారీ మా ఆయన ఆ పూట భోజనం ముట్టలేదు.

ఇంటి ముందుగదే మా కొట్టు. కత్తెర ఆయనది, మిషను నాది. వీధంతా ఆయనను మాస్టరు అనేవాళ్ళు, నన్ను మాస్టరుగారి ఆవిడ అనేవాళ్ళు, నేను కుట్టిన బట్టలు తొడుక్కునే! ఆయన టేపు చుట్టి అంకె పైకి చదివితే నేను కొలతల పుస్తకంలో రాసేదాన్ని. స్కూలు బట్టలకైతే కొలత పక్కన ఇంకో అంకె కూడా రాసేవాళ్ళం. పెరిగే పిల్లలు కదా, మడతల్లో, కుట్ల లోపల కాస్త ఎక్కువ గుడ్డ దాచి పెడతాం. ఏడాది తిరిగేసరికి పిల్ల పొడుగైతే కుట్టు విప్పితే చాలు, అదే గౌను మళ్ళీ సరిపోతుంది. ఆ దాచిన గుడ్డకు మా కొట్టులో పేరు 'పెరుగుడు'. 'పొడుగు ఇరవై ఆరు, పెరుగుడు రెండు.' అలా రాసుకునేవాళ్ళం. ఊళ్ళో పిల్లలందరి పెరుగుడూ నా చేతిరాతలోనే ఉంది. మాకు పిల్లలు లేరు. అందుకని మా ఇంటివాళ్ళ పేజీలో ఆ మాట రాసే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ ఏటి ఎండాకాలం సంగతి ఇది. స్కూళ్ళు తెరవడానికి ముందు రెండు నెలలు మాకు తల దువ్వుకునే తీరిక కూడా ఉండదు. కోయాల్సిన తాన్లు ఒక మూల, కోసిన ముక్కలు ఒక మూల, కుట్టినవి మంచం నిండా. ఆ రెండు నెలలూ మంచం మీద పడుకునేది స్కూలు బట్టలే, మేము కాదు.

ముందు కనిపించింది దాహం. కోత బల్ల కింద మంచినీళ్ళ కూజా ఉండేది. ఎప్పుడూ సాయంత్రానికి సగం మిగిలే కూజా ఆ ఏడు పొద్దున పది గంటలకే బోర్లపడేది. మళ్ళీ నింపితే భోజనాల వేళకు ఖాళీ. ఎండలు మండిపోతున్నాయి కదా అనుకున్నాను. తాగినవాడు ఊరుకుంటాడా, అరగంటకోసారి పెరట్లోకి పరుగు. గుడ్డ మీద సుద్దగీత సగంలో ఆగిపోయేది. నేను ముక్కల కోసం చేతులు చాపుకుని కూర్చునేదాన్ని. రాత్రిళ్ళు కూడా నాలుగైదుసార్లు లేచేవాడు. దాంతో పొద్దున్న మొహం వేలాడేసుకుని, మాట్లాడితే కసురుకుంటూ ఉండేవాడు.

మా వదిన, అంటే మా ఆయన అక్క, భర్త పోయిన దగ్గర్నుంచీ మాతోనే ఉంటోంది. గుండీలు, కాజాలు ఆవిడ పని. వీధిలో ఆవిడకు సగం డాక్టరని పేరు. పూర్తి డాక్టరు ఎందుకు కాలేదంటే ఆవిడకు తెలిసిన జబ్బు ఒక్కటే, వేడి. తలనొప్పి వస్తే వేడి చేసింది, కడుపునొప్పి వస్తే వేడి చేసింది, పక్కింటావిడకు మొగుడితో తగువైనా అదీ వేడే.

"ఒరే తమ్ముడూ, నీకు బాగా వేడి చేసిందిరా. అందుకే నీరసం" అని తేల్చేసింది. నీరసానికి మందు కూడా ఆవిడే చెప్పింది, గ్లూకోజు నీళ్ళు. నాకూ నిజమే అనిపించింది. మనిషి మధ్యాహ్నం అయ్యేసరికి బల్లకు చేరగిలబడిపోతున్నాడు మరి. బజారు నుంచి గ్లూకోజు పొట్లాలు తెప్పించి, పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు నా చేత్తో కలిపి, చెంచాతో తిప్పి, తాగేదాకా పక్కనే నిలబడేదాన్ని. ఒక చెంచా ఎక్కువే వేసేదాన్ని. ప్రేమకు కొలత లేదు కదా. ఊరందరికీ కొలత చూసే నేను అక్కడ మాత్రం చూడలేదు.

గ్లూకోజు తాగిన కొద్దీ నీరసం పెరిగింది. నీరసం పెరిగిన కొద్దీ నేను గ్లూకోజు పెంచాను.

ప్రేమ ఉందని నోరు ఊరుకుంటుందా? నా నోటి సంగతి వీధికంతా తెలుసు. ఒకరోజు కొట్టు నిండా జనం ఉన్నారు. ఈయన కొలత తీస్తూ తీస్తూ, టేపు ఒక పిల్లవాడి భుజం మీదే వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చాక అందరి ముందూ అనేశాను. "మీరు నీళ్ళు తాగుతున్నారా, నీళ్ళే మిమ్మల్ని తాగుతున్నాయా? పని ఎగ్గొట్టాలంటే ఇంకో సాకు దొరకలేదా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "తాగితే పోవాలి, పోతే తాగాలి. దీనికి అంతు లేదే" అని టేపు అందుకున్నాడు. ఎదురు మాట అనలేదు. అని ఉంటే నాకు ఇప్పుడింత బాధ ఉండేది కాదు.

తర్వాత చూపు. ఒకరోజు ఆయన కోసి ఇచ్చిన చొక్కా ముక్కలు జత చేస్తుంటే రెండూ ఎడమ చేతులే ఉన్నాయి. ఇరవై ఐదేళ్ళలో అలాంటి తప్పు ఆ కత్తెర చెయ్యలేదు. కళ్ళజోడు పాతదైపోయిందన్నాడు. కొత్తది చేయించాం. పది రోజులు బాగానే ఉందన్నాడు, పదకొండో రోజు కళ్ళజోళ్ళవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. నేనూ గొంతు కలిపాను. పాపం, ఆ మనిషి తప్పేమీ లేదు.

ఇక మూడోది, గుండుసూది. మా కొట్టు నేల మీద చెప్పులు లేకుండా నడవాలంటే ధైర్యం కావాలి, ఎంత ఊడ్చినా ఎక్కడో ఒక సూది ఉంటుంది. ఆయన కోత బల్ల దగ్గర రోజంతా వట్టికాళ్ళతో నిలబడేవాడు. నేను కింద కూర్చుని అంచులు మడుస్తుంటే ఆయన మడమ కింద ఏదో మెరిసింది. చూస్తే గుండుసూది. తల ఒక్కటే బయటికి ఉంది, తక్కినదంతా లోపలే. చుట్టూ చర్మం ఎర్రబడి ఉంది.

"ఎప్పుడు గుచ్చుకుందండీ?" అన్నాను.

"ఏది?" అన్నాడాయన.

నేను లాగి చూపిస్తే తప్ప తెలియలేదు. వదిన గుండీ కుడుతూనే, పాతికేళ్ళు సూదుల మీద నడిచిన కాళ్ళు కదా, రాటుదేలిపోయాయంది. నీ కాలు కాదురా, అది కోత బల్ల కాలు అంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. సూది తీసిన చోట చిన్న పుండు లేచింది. మందు రాశాం. మానలేదు. రోజంతా నిలబడే మనిషికి అంత త్వరగా ఎక్కడ మానుతుందిలే అనుకున్నాం.

చూశారా? ప్రతిదానికీ మా దగ్గర ఒక జవాబుంది. దాహానికి ఎండ, చూపుకు కళ్ళజోడు, పుండుకు నిలబడే ఉద్యోగం, నీరసానికి నిద్ర లేకపోవడం, అన్నిటికీ కలిపి వదిన చెప్పిన వేడి.

స్కూళ్ళు తెరవడానికి ఇంకా మూడు వారాలుందనగా ఆయన ప్యాంటు జారడం మొదలైంది. ఒక చేత్తో కత్తెర, ఒక చేత్తో నడుము పట్టుకుని తిరుగుతున్నాడు. చూడలేక, ఇలా రండి, రెండు కుట్లు వేసి ఇస్తానని టేపు చుట్టాను. ముప్పై నాలుగు.

నేను నమ్మలేదు. మా కొలతల పుస్తకంలో మొదటి పేజీ మా ఇద్దరిదే. సీజను అయిపోయాక ఆయనకు నేను, నాకు ఆయన ఒక జత కుట్టుకోవడం మా అలవాటు. ఆ పేజీలో ఆయన నడుము పదకొండేళ్ళుగా ముప్పై ఆరు. అందులో అర అంగుళం అటూ ఇటూ లేదు.

ఆయన టేపు నా చేతిలోంచి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "టేపు సాగింది" అన్నాడు.

గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగితే గీతకూ గీతకూ మధ్య ఎడం పెరుగుతుంది, ముప్పై ఆరు ఉన్నది ముప్పై నాలుగని చూపిస్తుంది. మా పనిలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. కానీ ఆ మాట వినగానే నేను మంచం వంక చూశాను. రెండు నెలలుగా ఊళ్ళో పిల్లలందరినీ కొలిచింది ఆ టేపుతోనే, గుడ్డ మీద గీసి కోసింది మాత్రం సాగని ఇనుప బద్దతో. అది సాగి ఉంటే, మంచం మీద ఉన్న మూడు వందల జతలూ బిగుతు! మూడు వందల ఇళ్ళ నుంచి ఆ ఒక్క మాట వినాలి.

గోడకు ఇనుప గజం బద్ద వేలాడుతూనే ఉంది. టేపు తీసి దాని పక్కన పెడితే ఒక్క క్షణంలో తేలిపోయేది. పెట్టడానికి చెయ్యి రాలేదు. తేలితే ఏం చెయ్యాలి? ఆయన ఆ టేపును మేకుకు తగిలించేసి, వదిన చేత కొత్తది తెప్పించి, మళ్ళీ కత్తెర పట్టుకున్నాడు. అంత కొంప మునిగే మాట చెప్పి అంత తాపీగా ఎలా ఉన్నాడా అనుకున్నాను. ఆ వారం రోజులూ నాకు కంటి మీద కునుకు లేదు. కలలో కూడా పిల్లలు గుండీలు తెంచుకుంటూ వచ్చేవాళ్ళు.

వారం తర్వాత మొదటి జతలు తీసుకెళ్ళే రోజు వచ్చింది. ముందుగా వచ్చింది మూడో వీధి నర్సమ్మ, ఆస్పత్రిలో పనిచేసే ఆవిడ, తొమ్మిదేళ్ళ కూతుర్ని వెంటేసుకుని. తెర వెనక పిల్లకు గౌను తొడిగి గుండీలు ఒక్కొక్కటే పెట్టాను. పిల్ల బయటికి వచ్చింది. చేతులు పైకెత్తమన్నాను, ఎత్తింది. వంగమన్నాను, వంగింది. కూర్చుని లేవమన్నాను. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా జారలేదు. పోసినట్టు ఉంది. లోపల పెరుగుడు రెండంగుళాలు భద్రంగా ఉంది.

"మాస్టరుగారి కొలతంటే కొలతే" అని నర్సమ్మ మురిసిపోయింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ వెనకే ఇద్దరు పిల్లలు, ఆ తర్వాత ఒక లావుపాటి పిల్లవాడు. అందరికీ అంగుళం తప్పకుండా సరిపోయాయి. వదిన గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చెబుతోంది. మా టేపు సాగలేదటమ్మా, ఉత్తినే హడలి చచ్చాం అని.

టేపు సాగలేదు.

ఆ మాట ఆవిడ నోట మూడోసారి విన్నప్పుడు నేను మంచం మీద బట్టలు మడుస్తున్నాను. మడత సగంలో ఆపి లేచాను. మేకు మీద పాత టేపు తీసి కోత బల్ల మీద పరిచాను. దాని పక్కన కొత్తది పరిచాను. గీతకు గీత ఎదురుగా ఉంది, ఒకటి నుంచి అరవై దాకా.

తలెత్తి ఆయన వంక చూశాను. బల్లకు అవతలి వైపు నిలబడి ఆయనా నన్నే చూస్తున్నాడు. చొక్కా మెడపట్టీలో ఇంకో మెడ పడుతుంది. అది నేను కుట్టిన చొక్కానే.

వెళ్ళి టేపు చుట్టాను. ఆయన చేతులు పక్కకెత్తి కదలకుండా నిలబడ్డాడు, పిల్లలు నిలబడినట్టు. ముప్పై రెండున్నర. పైకి చదవలేదు.

"వదినా, తలుపులు వేసేయండి" అన్నాను.

సీజనులో మా కొట్టు పట్టపగలు మూసింది అదొక్కసారే. బయట ఎవరో తలుపు కొడుతున్నారు. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. డాక్టరు దగ్గరికి పదండి అంటే, స్కూళ్ళు తెరిచాక చూద్దామన్నాడు. ఇంకా నూట యాభై జతలున్నాయన్నాడు. అక్క చెప్పినట్టు వేడే అయి ఉంటుందన్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. పిల్లల బట్టలకు ఉన్న విలువ నా బతుక్కి లేదా అని నోటికొచ్చినట్టు అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. ఆయన బల్ల మీది సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"గీత కనపడటం లేదే" అన్నాడు. "పది రోజులైంది. సుద్దగీత గీస్తున్నాను, అది నాకే కనపడటం లేదు. చేతివాటంతో కోస్తున్నాను. డాక్టరు కళ్ళు పోయాయంటాడు. అప్పుడు ఈ చేతుల్ని ఏం చేసుకోను?"

టేపు సాగలేదని ఆయనకు ఆ రోజే తెలుసట. పాతికేళ్ళు వేళ్ళ మధ్య ఆడిన టేపు, తెలియకుండా ఎలా ఉంటుంది? మరి నన్ను వారం రోజులు ఎందుకు చంపుకు తిన్నారని అడిగాను. నువ్వు గుడ్డ గురించి భయపడినా కుట్టగలవు, నా గురించి భయపడితే కుట్టలేవు అన్నాడు. ఏమనాలి ఆ మనిషిని?  ఆయన తల నా కడుపుకు ఆనించుకుని నిలబడ్డాను. వదిన అటు తిరిగి గుండీల డబ్బా సర్దింది.

నర్సమ్మ ఆ సాయంత్రమే మమ్మల్ని వాళ్ళ డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టింది. వెళ్ళేముందు ఏం తోచిందో, కొలతల పుస్తకం చంకలో పెట్టుకున్నాను. మంచిదే అయింది. ఎందుకంటే మా ఆయన అక్కడ కూడా మా ఆయనే. దాహం ఎలా ఉందని డాక్టరమ్మ అడిగితే మామూలే అన్నాడు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారంటే, అందరిలాగే అన్నాడు. బరువు తగ్గారా అంటే, పని ఎక్కువ కదండీ అన్నాడు. ఇక లాభం లేదని పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. పదకొండేళ్ళు ముప్పై ఆరు, వారం కిందట టేపు సాగిందనుకున్నది ముప్పై నాలుగు, ఇవాళ ముప్పై రెండున్నర అని వేలు పెట్టి చూపించాను. అసలు తేడా ఇంకా ముందే మొదలై ఉంటుంది, మేము చూసుకోలేదని చెప్పాను. కూజా సంగతి, కళ్ళజోడు సంగతి, గుండుసూది సంగతి, పుండు సంగతి వరసపెట్టి చెప్పాను. డాక్టరమ్మ పుస్తకం తిప్పి చూసింది.

"ఎప్పటినుంచి అని అడిగితే తేదీ వేసి చెప్పినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదమ్మా" అంది.

వేలు గుచ్చి చుక్క రక్తం తీశారు. మా వృత్తిలో ఇది రోజూ ఉన్నదేనండీ, కాకపోతే మా రక్తానికి ఎవరూ అంకె వేయరు అని ఆయన నవ్వించబోయాడు. అంకె నాలుగు వందల పైన వచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు.

షుగరు. ఆ పేరు మేము విననిది కాదు. కానీ మా దృష్టిలో షుగరంటే లావుపాటి వాళ్ళకు వచ్చేది, మిఠాయి తినేవాళ్ళకు వచ్చేది. చిక్కిపోతున్నవాడికి షుగరేమిటి? ఆవిడ మాకు తెలిసే భాషలో చెప్పింది. రక్తంలో చక్కెర పేరుకుపోతే ఒళ్ళు దాన్ని ఒంటేలు దారిన బయటికి నెడుతుందట, దానితో పాటు నీళ్ళూ పోతాయి. ఆయన తాగినందుకు వెళ్ళడం కాదు, వెళుతున్నందుకు దాహం. కంట్లో నీరు కూడా తేడా చేస్తుంది కాబట్టి చూపు మసక. కాళ్ళలో నరాలు మొద్దుబారాయి కాబట్టి సూది తెలియలేదు, పుండు మానలేదు. మేము నాలుగు ముక్కలుగా చూసినవన్నీ ఒకే గుడ్డలోవి.

అప్పుడు ఆవిడ, తాగడానికి ఏమేం ఇస్తున్నారని అడిగింది.

"గ్లూకోజు" అన్నాను. "రోజుకు మూడు గ్లాసులు. నేనే కలిపి ఇస్తున్నాను."

ఆవిడ కలం ఆపింది. నాకు అర్థమైపోయింది. బల్ల అంచు పట్టుకున్నాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది.

"నీరసం అనగానే అందరూ చేసేదే అమ్మా. ఈయనకి నీరసం చక్కెర లేక కాదు, నిండా ఉండి లోపలికి అందక. సరుకంతా వాకిట్లో దిగబడి ఉంది, గుమ్మం తలుపు తెరుచుకోవడం లేదు. మీరు వాకిట్లోకి ఇంకా సరుకు తెచ్చి పోశారు. తెలియక పోశారు. ఇవాళ తెలుసుకున్నారు."

కళ్ళ మాటేమిటని ఆయన అడిగాడు.  ఆవిడ లైటు వేసి లోపలిదాకా చూసింది. చక్కెర దారికి వస్తే ఆ మసక నాలుగైదు వారాల్లో దానంతటదే తగ్గాలి, అప్పటిదాకా కొత్త కళ్ళజోళ్ళు చేయించకండి, ఏడాదికోసారి మాత్రం కళ్ళు చూపించుకోవాల్సిందే అంది. పుండు చూసినప్పుడు మాత్రం మొహం మారింది. ఇంకో నెల ఆగి వస్తే కాలి గురించి నేను మాట ఇవ్వలేకపోయేదాన్ని అంది. ఇక నుంచి కొట్టులో చెప్పులు తియ్యకూడదని, రోజూ పాదాలు ఎవరైనా చూడాలని చెప్పింది. 'ఎవరైనా' అంటూ నా వైపు చూసింది.

ముందు ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంచారు. ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు పొట్ట మీద ఇన్సులిన్ ఇంజెక్షను చేసుకోవాలన్నారు. పాతికేళ్ళు సూదులతో కాపురం చేసిన మనిషి, ఆ చిన్న సూది చూసి కళ్ళు మూసుకున్నాడు. నేనే చెయ్యాల్సి వచ్చింది. గుడ్డకు ఎన్ని లక్షల సూదిపోట్లు వేశానో లెక్కలేదు. మనిషికి వేయడం అదే మొదలు. "మెల్లిగా వెయ్యవే, పైకుట్టు అనుకో" అన్నాడు కళ్ళు మూసుకునే. నవ్వొచ్చింది. నవ్వుతూ గుచ్చేశాను.

వదిన గ్లూకోజు పొట్లాలు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసి, రెండు రోజులు గడప దాటలేదు. నా చేత్తో నా తమ్ముణ్ణి చంపుకునేదాన్నే అని ఒకటే కుమిలిపోయింది. కలిపింది నేను కదా అన్నాను. చెప్పింది నేను కదా అంది. ఈ పోటీలో ఎవరూ గెలవరని వదిలేశాం. మూడో రోజు లేచి వీధిలో పడింది. దాహం ఎక్కువగా ఉందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు, కాలి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని కనిపించినవాళ్ళనల్లా నిలబెట్టి అడగడం మొదలుపెట్టింది. వేడి చేసిందని ఎవరైనా అంటే విరుచుకుపడేది. సగం డాక్టరు ముప్పాతిక డాక్టరైంది. ఆవిడ పోరు పడలేక పరీక్షకు వెళ్ళినవాళ్ళలో ఇద్దరికి షుగరు బయటపడింది కూడా.

మిగిలిన నూట యాభై జతలూ నేనే కోశాను. ఆయన పక్కన స్టూలు మీద, చెప్పులతో, కూర్చుని చెబుతుంటే కోశాను. గీత ఆయనకు కనపడకపోయినా కత్తెర చప్పుడు విని వంకర పోతోందని పట్టేసేవాడు. స్కూళ్ళు తెరిచారు. పిల్లలు కొత్త బట్టల్లో మా గుమ్మం ముందు నుంచే వెళ్ళారు. ఒక్క ఇంటి నుంచి కూడా ఆ మాట రాలేదు.

సీజను అయిపోయింది కాబట్టి మా జత కుట్టుకునే రోజు వచ్చింది. నన్ను ఆయన కొలిచాడు, ఆయన్ను నేను కొలిచాను. నడుము ముప్పై రెండున్నర దగ్గరే ఆగి ఉంది, ఇంకా దిగలేదు. మొదటి పేజీలో ఆ అంకె రాశాను. రాసి, కలం అక్కడే ఉంచి, పక్కన ఇంకో మాట రాశాను. ఏం రాశావని అడిగాడు. ఆయనకు అప్పటికింకా అక్షరాలు అలుక్కుపోతున్నాయి. చదివి వినిపించాను.

"నడుము ముప్పై రెండున్నర. పెరుగుడు మూడున్నర."

"నాకు పెరుగుడేమిటే? నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?"

"ఉండనివ్వండి" అన్నాను. "పెరగాలి."

ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, కనపడని ఆ వరస మీద బొటనవేలితో తడిమి చూసుకుని, మూసి ఇచ్చాడు.

వెనక కుట్టులో కొంత, పక్కల్లో కొంత దాచి కుట్టాను ఆ ప్యాంటు. మూడున్నర అంగుళాల గుడ్డ లోపల దాక్కుంటుందా? వెనక మూటలా ఉబ్బి ఉండేది. తొడుక్కుని వీధిలోకి వెళితే అందరూ నవ్వుతున్నారే అనేవాడు, అయినా దాన్నే తొడుక్కునేవాడు. నెలకోసారి కొలిచేదాన్ని. మొదటి నెల ఏమీ లేదు. రెండో నెలకు అర అంగుళం. ఒక వరస కుట్టు విప్పాను. మడమ పుండు పూడింది. సుద్దగీత మళ్ళీ కనపడిన రోజున బల్లంతా గీతలు గీసి పెట్టాడు, తుడవనివ్వలేదు. ఇంకో వరస విప్పాను. కూజా మళ్ళీ సాయంత్రానికి సగం మిగలడం మొదలుపెట్టింది. చలికాలం వచ్చేసరికి లోపల దాచిన గుడ్డ ఇక మిగల్లేదు. విప్పిన కుట్ల జాడలు మాత్రం చారలు చారలుగా ఉండిపోయాయి.

ఒకరోజు పొద్దున్నే నేను మిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తున్నాను. ఆయన ఆ ప్యాంటే తొడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. హుక్కు దగ్గర రెండు వేళ్ళు దూర్చి, అటూ ఇటూ లాగి చూసుకున్నాడు. మొహం చిట్లించాడు, సరిగ్గా పేచీకోరు బేరంలా.

"ఏమే" అన్నాడు, "బిగుతుగా ఉంది."

సూదిలో దారం ఎక్కలేదు. మళ్ళీ ప్రయత్నించాను, ఎక్కలేదు. ఈసారి మసక నా కళ్ళకొచ్చింది.